అల్లం బీరుకు బారసాల

ఈమధ్య మా చెల్లెలి కొడుకు నన్ను విశాఖపట్నంలో ఒక బీరు దుకాణానికి తీసుకెళ్ళాడు. దుకాణం అంటే వాడికి కోపం వస్తుంది. అక్కడే పులియబెట్టి అక్కడే గ్లాసుల్లో పోసే చోటట, దానికి వేరే ఇంగ్లీషు పేరుంది. అరవై దగ్గరపడ్డ మనిషి వచ్చిందని నాకు మంచి కుర్చీ చూపించి, చేతికి ఒక అట్ట ఇచ్చారు. అందులో వాళ్ళ బీర్ల పేర్లున్నాయి. కోపిష్టి కోతి. నిద్రపోని నావికుడు. నెమలికి జ్వరం. పోసే అబ్బాయిని పిలిచి, "నెమలికి జ్వరం ఎప్పుడొచ్చింది బాబూ?" అని అడిగాను. అతను మా వాడి వంక చూసి, "ఊరికే పేరు ఆంటీ, వినడానికి బాగుంటుందని" అన్నాడు.

ఊరికే పేరట! నాకు ఒళ్ళు మండింది. మా మావయ్యగారే ఉండి ఉంటే గ్లాసు ముట్టకుండా లేచి వచ్చేసేవారు. ఆయన దృష్టిలో ఊరికే పెట్టిన పేరు అబద్ధం కింద లెక్క. అబద్ధం రాసిన సీసాలో సరుకు బాగుంటుందంటే ఆయన నమ్మేవారు కాదు. సీసాలకి పేర్లు ఎలా పెట్టాలో నేను ఖరగ్‌పూర్‌లో మా అత్తవారింట్లో ఆయన దగ్గర చూశాను. ఒక ఏడు ఆ పేరు వచ్చి నా మెడకే చుట్టుకుంది. ఆ సంగతి చెబుతాను.

మా మావయ్య రైల్వే వర్క్‌షాపులో లెటర్ పెయింటరు. రిపేరుకి వచ్చి వెళ్ళే వ్యాగన్ల మీద అక్షరాలూ అంకెలూ రాయడం ఆయన పని. నంబరు, ఖాళీ బరువు, ఎంత మోయగలదు, మళ్ళీ వర్క్‌షాపుకి ఎప్పుడు రావాలి, అన్నీ తెల్లరంగుతో కుంచె పట్టి రాసేవారు. "బరువు తప్పు రాసినామనుకో, తూకం తప్పుతాది. తూకం తప్పితే బండి పడిపోతాది. రాసీటప్పుడే నిజమా కాదా అని అడగాల" అనేవారు. ముప్పై ఏళ్ళూ ఇంగ్లీషు రాశారు, హిందీ రాశారు. తెలుగు అక్షరం రాసే భాగ్యం మాత్రం ఏడాదికి ఒక్కసారే. క్రిస్మస్‌కి మా అత్తయ్య చేసే అల్లం బీరు సీసాల మీద.

ఆ బీరుకి ఇంట్లో ఒక పిలుపు, బయట ఒక పిలుపు. మనలో మనకి బీరు. చర్చి గురువుగారు గుమ్మంలోకి వస్తే అది అల్లం నీళ్ళు. ఎందుకంటే అత్తయ్య స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ప్రతి ఏడూ అక్టోబరులో తాగుడు ఎంత చెడ్డదో గంటసేపు మాట్లాడేది, నవంబరు రాగానే గోల్ బజార్‌కి వెళ్ళి ఐదు కిలోల అల్లం తెచ్చేది. ఆవిడ లెక్కలో బీరంటే డబ్బిచ్చి కొన్నది. ఇంట్లో చేసుకున్నది కషాయం. ఆ కషాయం తాగి మావయ్య పాత కీర్తనలన్నీ వరసగా పాడేవారు. అది భక్తి అని అందరూ సర్దుకునేవారు.

అల్లం దంచి, పంచదార, నిమ్మరసం, పిడికెడు కిస్మిస్ కలిపి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసి నాలుగు పెద్ద జాడీల్లో పెట్టడం వరకూ ఎవరైనా చేస్తారు. అసలు రహస్యం తల్లిలో ఉంది. పెరుగుకి తోడు ఎలాగో దీనికి తల్లి అలాగ. అరచెయ్యంత చిన్న జాడీలో, గోధుమరంగు బురదలాగా ఉండేది. అత్తయ్య వాళ్ళమ్మ రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరుగారి ఇంట్లో ఆయాగా చేసిందట. ఆ దొరసాని ఇచ్చిన తల్లిని తను పెంచి, కూతురికి పెళ్ళయినప్పుడు ఈ జాడీలో పోసి ఇచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళకే ఆవిడ పోయింది. ఒక్క ఫొటో కూడా లేదు. అత్తయ్య దగ్గర వాళ్ళమ్మది అంటూ మిగిలింది ఆ బురద ఒక్కటే. దానికి రోజూ రెండు చెంచాల పంచదార వేసి, మూతికి గుడ్డ కట్టేది. ముప్పై ఏళ్ళు వేసింది. అడిగినవాళ్ళకి బీరిచ్చేది గాని తల్లిని చెంచాడు కూడా ఎవరికీ ఇవ్వలేదు.

ఇంక పేరు సంగతి. జాడీలు ఇరవయ్యొక్క రోజులు కదలకూడదు. డిసెంబరు మూడున పెడితే ఇరవైనాలుగు మధ్యాహ్నానికి సరిపోతుంది. మేం క్రైస్తవులం, మాకు బాప్తిస్మమే గాని బారసాల లేదు. కానీ మావయ్యతో ఒకే రోజు ఉద్యోగంలో చేరిన ఫిట్టరు బాబాయి ఒకాయన పక్క గల్లీలో ఉండేవాడు. పలాస వైపు మనిషి, హిందువు. ఆయన ఎప్పుడో ఒక ఏడు, "ఇరవయ్యొక్క దినాలైపోనాయి గదా, పేరెట్టీరాదేటి?" అన్నాడట. వేళాకోళానికి అన్న మాట అలాగే ఆచారం అయి కూర్చుంది. ఖరగ్‌పూర్‌లో సగం ఆచారాలు ఇలాంటివే.

నేను కాపురానికి వెళ్ళేసరికి, అంటే ఎనభైల చివర్లో, ట్రంకుపెట్టె మూత లోపల పదిహేను చీటీలు అంటించి ఉన్నాయి. ఖాకీ కాగితం మీద తెల్లటి లావు అక్షరాలు. కప్పు కారినాది. పిల్లి ఈనినాది. బదిలీ ఆగినాది. కొత్త కోడలిని, ఇవన్నీ చదివి ఈ ఇంట్లో ఎవరికో మతి లేదనుకున్నాను. తర్వాత తెలిసింది, అవన్నీ ఒక్కో ఏటి బీరు పేర్లట. అల్లం కొన్న రోజు నుంచి సీసాల్లో పోసే దాకా ఆ ఇంట్లో ఏం జరిగిందో అదే పేరు. జరిగింది జరిగినట్టు, నోటితో అన్నది అన్నట్టు రాయాలి. సీసా మూత తీయక ముందే పెట్టాలి. రుచి చూశాక పెడితే అది పొగడ్త అవుతుందని మావయ్య వాదన. మా ఆయన పెళ్ళికాని రోజుల్లో ఒకసారి "అమృతం" అని పెడదామన్నాడట. "నువ్వెప్పుడు తాగినావు?" అని అడిగారట మావయ్య. దాంతో ఆ ఊసు పోయింది.

మనుషుల ఊసు కూడా పేరులో ఉండకూడదు. ఒక ఏడు మావయ్య తమ్ముడు చూడటానికి వస్తే సంతోషం కొద్దీ "తమ్ముడొచ్చినాడు" అని పెట్టారు. పేరు పెట్టించుకున్న గౌరవంతో ఆయన ఏప్రిల్ దాకా కదల్లేదు. మరో ఏడు గురువుగారు మా ఇంట్లో కళ్ళు మూసుకుని దీర్ఘంగా ప్రార్థన చేస్తుంటే, వాకిట్లో పెట్టిన ఆయన సైకిలు ఎవరో ఎత్తుకుపోయారు. పండగనాడు ఆయన నడిచి వచ్చి, "సైకిలు పోనాది" అన్న సీసా చూసి, రెండు గ్లాసులు అల్లం నీళ్ళు తాగి, "ఒచ్చీ ఏడు మీ ఇంట్లో కళ్ళు తెరిసి ప్రార్థన సేస్తాను" అన్నారట.

ఈ బారసాలలో నాకు మాత్రం మాట చెల్లేది కాదు. కోడలికి మూడో క్రిస్మస్ వస్తేగాని పేరు చెప్పే హక్కు రాదు. "అప్పటిదాక సబ్‌స్టిట్యూటే. మూడేళ్ళకి పర్మనెంట్" అనేవారు మావయ్య నవ్వుతూ. ఆయన నవ్వేవారు గాని నాకు నవ్వు వచ్చేది కాదు. ఆ ఇంట్లో గరిటె అత్తయ్యది, మంచం మావయ్యది, రేడియో మా ఆయనది. నా పెట్టె పెట్టుకోవడానికి కూడా ఎవరిదో ఒకటి జరపాలి. అందుకే మూడో ఏడు కోసం నేను ఉద్యోగం ఖాయమయ్యేవాళ్ళలాగే ఎదురుచూశాను.

ఆ మూడో ఏడు నవంబరు ఇరవై దాటగానే, అదే ఊళ్ళో పూరీ గేట్ దగ్గర ఉన్న అత్తయ్య అక్కగారు జారిపడి కాలు బెణికించుకుంది. అత్తయ్య కొడుకుని పక్కకి పిలిచి ఏదో అప్పగించి, పది రోజులు అక్కడ ఉండి రావడానికి వెళ్ళింది. పండగ వస్తోంది, అత్తగారు ఇంట్లో లేదు, కోడలి పనితనం చూపించడానికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదనుకున్నాను. ఝపటాపూర్ పేటలో మా ఇల్లు మూడు గదులే. దూలాల మీద బూజు దగ్గర్నుంచి చీపురు పిడి దాకా దేన్నీ వదల్లేదు. వంటింట్లో బియ్యం డబ్బా వెనక గుడ్డ కట్టిన చిన్న జాడీ కనబడింది. గుడ్డ విప్పితే పులిసిన కంపు, అడుగున మురికి. ఎప్పటిదో ఊరగాయ కుళ్ళిపోయింది, పాపం అత్తయ్యకి చూపు ఆనడం లేదు అనుకున్నాను. రెండేళ్ళూ అత్తయ్య తల్లిని తనే కలిపేది, ఆ వేళ నన్ను బజారుకి పంపేది. ఏదో ఉంటుందని తెలుసు గాని అది ఎలా ఉంటుందో నాకు తెలియదు. బొబ్బిలి దగ్గర మా అమ్మ నేర్పిన పద్ధతిలో బూడిద, చింతపండు, కొబ్బరిపీచు పెట్టి తోమాను. వేడినీళ్ళు మూడుసార్లు పోశాను. అడుగున నీలిరంగు పువ్వు బయటపడింది. ఎంత ముచ్చటేసిందో! మా ఆయన రాగానే చూపించాలని గుమ్మం దగ్గరే బోర్లించాను.

ఆయన సిగ్నల్ డిపార్ట్‌మెంటులో చేసేవాడు. సైకిలు దిగి, జాడీని చూసి, స్టాండు వేయడం మరిచిపోయాడు. సైకిలు కింద పడింది.

"ఇందులోది ఏటి సేసినావు?"

"పారబోశాను. కుళ్ళిపోయింది."

"ఓలమ్మో! మా అమ్మమ్మని కడిగీసినావే!"

నాకు అర్థమయ్యేసరికి అక్కడే కూలబడ్డాను. మొగుడన్నవాడు ధైర్యం చెప్పాలా? ఆయన నా పక్కనే కూర్చుని, "రేపట్నుంచి నాకు లైను డ్యూటీ, పది దినాలు" అన్నాడు. ఊరొదిలి వెళ్ళే ఆ డ్యూటీ ఎవరు వేశారని అడిగితే, "ఎవులూ ఎయ్యనేదు, నేనే అడుగుతాను" అన్నాడు. అమ్మకి చెప్పేద్దామంటే వద్దన్నాడు. "తిడితే పరవానేదు. తిట్టదే! కూకుండి ఏడుస్తాది. నేను సూడలేను." నేను కూడా చూడలేను. తిట్టే మనిషి తిట్టకుండా ఏడుస్తుందంటేనే నాకు భయం పట్టుకుంది.

పక్కింటి బెంగాలీ దీదీ గోడ మీంచి అంతా వింది. ఆవిడకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటానికి మాత్రం మూడు భాషలు కలిపితే గాని కుదరదు. "ఏడుపు బంద్ కరో. ఖేజూర్ రస్ తే. దోపహర్ దాకా ఎండలో పెట్టు, అదే లేస్తాది" అంది. ఖేజూర్ రస్ అంటే ఏదో బ్రహ్మపదార్థం అనుకున్నాను. తీరా చూస్తే మన ఈత రసమే. చలికాలం పొద్దున్నే కుండల్లో అమ్మకానికి వస్తుంది, మధ్యాహ్నానికి కల్లవుతుంది. చెంబుడు కొన్నాను. మా ఆయన లైను డ్యూటీ మానుకుని, తాల్‌బగీచా దాటి సంతాలీ వాళ్ళ సంతకి వెళ్ళి, అన్నంతో హాడియా కల్లు చెయ్యడానికి వేసే బిళ్ళలు రెండు తెచ్చాడు. కుండెడు అన్నానికి సగం బిళ్ళ చాలని అమ్మిన ముసలమ్మ చెప్పిందట. భయం మీదున్న మనిషికి సగం ఎందుకు సరిపోతుంది? రెండూ వేశాడు. పైన నేను బేకరీ నుంచి ఈస్టు తెచ్చి వేశాను. ఏది పని చేస్తుందో తెలియనప్పుడు అన్నీ వెయ్యడమే. అల్లం తరుగు, పంచదార వేసి గుడ్డ కట్టి, మావయ్య వంటింట్లోకి రారన్న ధైర్యంతో పొయ్యి పక్కన పెట్టాం. మూడో రోజుకి బుడగలు వచ్చాయి. ఐదో రోజుకి గుడ్డ పైకి లేచింది. వారానికి గోధుమరంగు బురద తయారైంది. బురదని చూసి ఆనందబాష్పాలు రాల్చిన కోడలిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అత్తయ్య వచ్చి, గుడ్డ విప్పి, వాసన చూసి, "బాగా బలిసినాది" అంది.

"చలికి అత్తయ్యా" అన్నాను. చలికి ఏదీ బలవదు. ఆవిడకి ఆ సంగతి తెలుసు. అయినా గుడ్డ మళ్ళీ కట్టేసింది.

ఆ ఇరవయ్యొక్క రోజులూ నేను సరిగ్గా తినలేదు. జాడీలు గుడగుడమంటే నా సంగతి చెప్పేస్తున్నాయేమో అనిపించేది. ఏటా నెమ్మదిగా గుడగుడలాడే జాడీలు ఈసారి పొంగి గది గచ్చంతా జిగట చేశాయి. ఒక మూత ఎగిరి గురువుగారిచ్చిన క్యాలెండరుకి తగిలింది. మావయ్య రోజూ డ్యూటీ నుంచి రాగానే జాడీకి చెవి ఆనించి, "ఈ ఏడు దీని ఊపే ఏరు" అని మురిసిపోయేవారు. అత్తయ్య మాత్రం అప్పుడప్పుడు, తల్లిని పెద్ద జాడీల్లో కలిపేశాక ఖాళీ అయిన చిన్నజాడీని చేతిలోకి తీసుకుని, వెలుతురులో తిప్పి చూసి, మళ్ళీ పెట్టేసేది. చెప్పేద్దామని రోజుకోసారి నోరు తెరిచేదాన్ని. ఆవిడ "ఏటే?" అనేది. "పప్పు ఎంత పొయ్యాలి?" అని అడిగేదాన్ని.

ఇరవైనాలుగో తేదీ మధ్యాహ్నం వచ్చింది. జాడీల్లోది వడకట్టి సీసాల్లో పోశారు, బిరడాలు బిగించారు. హాల్లో చాప పరిచి అందరం కూర్చున్నాం. మావయ్య ముందు ఖాకీ కాగితం చీటీలు, తెల్లరంగు డబ్బా, కుంచె. ఫిట్టరు బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, పళ్ళు మాత్రం లేవు. ఆ నెల్లోనే ఆయన మా బావి దగ్గర ముఖం కడుక్కుంటూ దగ్గితే కట్టుడు పళ్ళు బావిలో పడ్డాయి. గాలం వేసి రెండు రోజులు వెతికారు, దొరకలేదు. అప్పట్నుంచీ మేం ఆ బావి నీళ్ళే తాగుతున్నాం.

"మరింకేటి, పేరు ఉన్నాదిగదా" అన్నాడు బాబాయి బోసినోటితో. "పళ్ళు బావిలో పడినాయి."

"ఠీక్ హై, అదే" అని మా ఆయన అందరికంటే ముందు ఒప్పేసుకున్నాడు. అత్తయ్య కూడా తల ఊపింది. మావయ్య నా వైపు తిరిగి, "ఈ దినంతో నువ్వు పర్మనెంట్. నీ మాటేటి?" అన్నారు. మూడేళ్ళు ఎదురుచూసిన ప్రశ్న. "పళ్ళే మావయ్యా" అన్నాను.

మావయ్య కుంచె ముంచారు. "ప" రాశారు. ఎంత అందమైన "ప" అది! రాసి, కుంచె ఎత్తి, ఏటా అడిగినట్టే అడిగారు. "రాసింది నిజమేనా? ఈ ఇంట్లో జరిగినది ఇంకేటీ మిగిలిపోనేదు గదా?"

అది మాటవరసకి అడిగే ప్రశ్న. ఎవరూ జవాబు చెప్పరు. గార్డు పచ్చజెండా ఊపినట్టు అడిగేస్తారంతే. నాకు నోరెక్కువ, దాపరికం తక్కువ. ఇదేదో సుగుణం అనుకునేరు, కాదు. నా కడుపులో మాట నిలవదు, నిలిస్తే నాకు వాంతి వస్తుంది. "మిగిలింది మావయ్యా" అనేశాను. మా ఆయన కళ్ళు మూసుకున్నాడు.

చెప్పేశాను. జాడీ, బూడిద, ఈత కల్లు, బిళ్ళలు, ఈస్టు, ఏదీ దాచలేదు. నేను చెప్పినంతసేపూ అత్తయ్య తన చేతివేళ్ళ వంక చూసుకుంటూ కూర్చుంది. చెప్పడం అయ్యాక అడిగింది.

"ఏటితో కడిగినావు?"

"బూడిదతో. చింతపండు వేసి."

"ఏణ్ణీళ్ళు పోసినావా?"

"పోశాను."

"ఎన్ని పాల్లు?"

"మూడు."

"అందుకా!" అంది. "అడుగున పువ్వు కనబడినాది. ముప్పై ఏళ్ళు ఆ జాడీ కడగనేదు, దాని అడుగు నేను సూడ్నేదు. నా కళ్ళకే ఏదో అయిపోనాది అనుకున్నాను. కళ్ళ డాక్టరు కాడికి ఎల్దామని కూడా అనుకున్నాను."

ఆవిడ తిడితే బాగుండేది. నెత్తిమీద నాలుగు మొట్టినా బాగుండేది. అలా నెమ్మదిగా అనేసరికి నాకు చచ్చిపోవాలనిపించింది. ఫిట్టరు బాబాయి వాతావరణం తేలిక చెయ్యాలని, "పోనీ, రెండు పేర్లూ ఎట్టీయండి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మావయ్య కుంచె పట్టుకునే ఉన్నారు. రంగు ఆయన మోకాలి మీద పడుతోంది. "ఏటి రాయమంతావు?" అని భార్యని అడిగారు. తన పేర్ల విషయంలో ఆయన ఎవరినీ ఇలా అడగడం నేను చూడలేదు.

"జరిగింది రాయాలగదా మీ రూలు? రాయండి. కడిగీసినాది."

"ఎవులో రాయొద్దా?"

"మనుషుల ఊసు ఉండకూడదు గదా. ఎవులన్నది ఊరికే తెలుస్తాది."

మావయ్య ఆ అందమైన "ప"ని టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, ఇరవై నాలుగు చీటీల మీద "కడిగీసినాది" అని రాశారు. ఆరేదాకా అందరం చూస్తూ కూర్చున్నాం. ఒక్కోటీ సీసాలకి అంటించారు.

మొదటి సీసా బిరడా తీయబోతే అదే ఎగిరి పైకప్పు పెంకుకి తగిలి, కిటికీలోంచి దీదీ వాళ్ళ పెరట్లో పడింది. మొదటి గ్లాసు ఎప్పుడూ ఫిట్టరు బాబాయిది. తాగాడు. గ్లాసు మళ్ళీ చాపాడు. రెండోది తాగి, "నా పళ్ళు పోతే పోనాయి" అన్నాడు. మావయ్య సగం గ్లాసుకే ఈస్టరు కీర్తన ఎత్తుకున్నారు, క్రిస్మస్ ముందు రోజని ఎవరూ గుర్తుచెయ్యలేదు. ఏటా చుక్క తాగి పక్కన పెట్టే అత్తయ్య గ్లాసు పూర్తిగా తాగింది. నోట్లో పెట్టుకుని కాసేపు ఉంచుకుని మింగింది. "మా అమ్మది ఇంత బాగుండీది కాదు" అంది. అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట నాకు పొగడ్తలా వినబడలేదు. ఆ ఇంట్లో అబద్ధం చెప్పకూడదు గనక చెప్పింది, అంతే. వాళ్ళమ్మని రెండోసారి నేనే చంపినట్టు అనిపించింది.

మర్నాటి దాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. ఇద్దరం ఒకే పొయ్యి ముందు కూర్చుని అరిసెలు వండాం. నేను మూరెడు దూరంలో ఉండగానే కొడుకుని కేకేసి, "మీ ఆవిడితో సెప్పు, నూనె కాగినాది" అనేది. ఆయన వచ్చి, "నూనె కాగినాదట" అనేవాడు. "కాగిందని నాకూ కనబడుతోందని చెప్పండి" అనేదాన్ని. పాపం ఆ మనిషి పండగపూట గది గుమ్మంలోనే నిలబడి రెండు వైపులా కబుర్లు మోశాడు.

పండగనాడు ఆరాధన అయ్యాక గురువుగారు, పాటల బృందం వచ్చారు. అల్లం నీళ్ళు ఒక గ్లాసు తాగాక గురువుగారు కూర్చున్నారు. రెండో గ్లాసు తాగాక పొద్దున్న చెప్పిన ప్రసంగాన్నే మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి ఇంకా బాగా చెప్పారు. పాటల బృందంలో మూడు గొంతులు మూడు పాటలు పాడాయి. అందరూ సీసా తిప్పి చూసి, "ఎవులమ్మా కడిగీసినాది?" అని అడిగేవారే. అత్తయ్య పళ్ళెం అందిస్తూ, "మా ఇంట్లోదే, మా ఇంట్లోదే" అంటూ తిరిగింది. నన్ను చూపించలేదు. ఆవిడ చెప్పకపోయినా సాయంత్రానికల్లా ఝపటాపూర్‌లో తెలుగువాళ్ళందరికీ తెలిసిపోయింది. ఆ తర్వాత పదేళ్ళు చర్చిలో నన్ను "కడిగీసినమ్మ" అన్నవాళ్ళున్నారు. నాకు కోపం వచ్చేది. కానీ ఏం చెయ్యను, జరిగిందే కదా.

అందరూ వెళ్ళాక గిన్నెలు తోముదామని వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్య నేల మీద కూర్చుని ఉంది. పెద్ద జాడీ అడుగున మిగిలిన బురదని గరిటెతో గీకి, గుడ్డలో వడకట్టి, నీలిపువ్వు జాడీలోకి తీస్తోంది. నా బురద. ఈత కల్లు, సంతాలీ బిళ్ళలు, బేకరీ ఈస్టు కలిసిన బురద. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. కొడుకు కోసం కేకేస్తుందనుకున్నాను.

"ఏటి సూస్తన్నావు? పంచదార డబ్బా ఇటు తే" అంది, నాతోనే.

తెచ్చి ఇచ్చాను. ఆవిడ తీసుకోలేదు.

"నువ్వే ఎయ్యి. రెండు సెంచాలు. రోజూ పొద్దున్నే ఎయ్యాల. మరిసిపోయినావంటే సచ్చిపోతాది."

"మీరు వేస్తారు కదా అత్తయ్యా."

"నాదానికి నేను ముప్పై ఏళ్ళు ఏసినాను. ఇది నాది కాదు, నీది."

పెళ్ళయిన మూడేళ్ళలో ఆ ఇంట్లో ఒక వస్తువు చూపించి ఇది నీది అని నాతో అన్నవాళ్ళు లేరు. మొదటి చెంచా పంచదార సగం నేల మీద పడింది. రెండోది సరిగ్గా వేశాను. ఆవిడ గుడ్డ కట్టి, జాడీని బియ్యం డబ్బా వెనక కాకుండా ముందు పెట్టింది. నేను ముక్కు చీదుకుంటూ అక్కడే నిలబడిపోయాను.

"ఏడుపు సాలు" అంది అత్తయ్య. "పోయి ఆ సెంచా కడుగు. సెంచా ఒక్కటే."